వాతావరణం తప్ప ఇంకేమీ అడక్కూడదు

మా నాన్నకి నాన్న, మా దాదా ఖాదర్ సాహెబుకి ఒకటే పిచ్చి. ఇంగ్లీషు మాట ఏదైనా సరే, దాని వెనకున్న ఆచారాన్ని చేసి చూపించందే ఎవర్నీ ఆ మాట పలకనిచ్చేవాడు కాదు. "మాట అంటే తానులో గుడ్డ కాదు, చొక్కా. తొడుక్కుని చూడకుండా సరిపోయిందని ఎలా చెబుతావు?" అనేవాడు. దాదా దర్జీ కాబట్టి లోకంలో ప్రతిదీ చివరికి చొక్కా దగ్గరికే వచ్చి ఆగేది.

విశాఖపట్నం వన్ టౌనులో, పాత పోస్టాఫీసుకి నాలుగు సందులవతల ఆయన ఇల్లు. హార్బరుకి వచ్చే ఓడలకి జెండాలు కుట్టడం, ఆఫీసర్ల యూనిఫారాలు బిగించడం, వాళ్ళు లావెక్కి తిరిగొస్తే వదులు చెయ్యడం ఆయన పని. ఇరవై ఏళ్ళపాటు మెడలో టేపు వేసుకుని ఓడల నిచ్చెనలు ఎక్కి దిగాడు. మొదట్లో ఆయనకొచ్చిన ఇంగ్లీషంతా మెడకీ మోకాలికీ మధ్యే ఉండేది. చెస్టు, వెయిస్టు, స్లీవు, 'బ్రీద్ అవుట్ ప్లీజ్'. తరవాత్తరవాత ఓడవాళ్ళ మాటలూ, మర్యాదలూ, వాళ్ళు చదివి పారేసిన పత్రికలూ కలిసి ఇంగ్లీషు తలదాకా ఎక్కింది. చూసింది కొంత, విన్నది కొంత, గుడ్డ చాలని చోట సొంత అతుకు కొంత.

ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని పదేళ్ళుగా వింటూ ఉన్న ఊరికి, అది నిజంగానే వస్తున్నట్టు కనిపించిన రోజులవి. కొత్త ఆఫీసులు, కొత్త ఆఫీసర్లు. నాలుగు ఇంగ్లీషు ముక్కలొస్తే చాలు, బతుకు బాగుపడుతుందని అందరికీ అనిపించేది. దాదా సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా తన అరుగు మీద క్లాసు పెట్టాడు. ఫీజు లేదు, నియమాలున్నాయి. ఆ ఇంట్లో భాషలకి సరిహద్దులుండేవి. లోపల ఉర్దూ, వీధిలో తెలుగు, అరుగు మీద ఇంగ్లీషు. మా దాదీ గులాబ్ బీ ఒక్కతే ఏ సరిహద్దూ పట్టించుకోకుండా మూడు చోట్లా మూడు భాషల్లోనూ మొగుణ్ణి తిట్టేది.

మొదటి పాఠం 'మే ఐ కమిన్'. అలా అడగాలంటే ముందు తలుపు తట్టాలి. అరుగుకి తలుపు లేదు. ఓడ కాన్వాసుతో కుట్టిన పరదా ఉంది. పరదాని తడితే చప్పుడు రాదు. దాదా రెండ్రోజులు ఆలోచించి, పరదా పక్కన తాడుతో ఒక టేకు చెక్క వేలాడదీశాడు. వచ్చినవాళ్ళు చెక్కని తట్టాలి, లోపల్నుంచి 'కమిన్' అనాలి, అప్పుడు పరదా తీసుకుని రావాలి.

"పరదాకి తాళం కూడా చేయించండి. దొంగలొస్తే వాళ్ళూ తట్టే వస్తారు," అంది దాదీ.

"దొంగకి మర్యాద నేర్పితే తప్పేమిటి?" అన్నాడు దాదా, మిషను ఆపకుండా.

క్లాసుకి ఏడెనిమిది మంది వచ్చేవారు గానీ, ఇద్దరు మాత్రం వర్షమొచ్చినా మానేవారు కాదు. ఒకడు అప్పలసూరి. పద్మనాభం రైతుబిడ్డ. ఉక్కు ప్రాజెక్టు స్టోర్సులో హెల్పరు. డ్యూటీ దిగి, క్లాసు ముగించుకుని, ఆఖరి బస్సుకి ఊరెళ్ళేవాడు. అందరికన్నా ముందు చేరినవాడూ, అందరికన్నా వెనకున్నవాడూ అతనే. రెండోవాడు జగ్గారావు. పోర్టు ఆఫీసులో గుమాస్తా. అతనికి గ్రామరు పుస్తకం కంఠతా వచ్చు. నేర్చుకోవడానికి కాదు, దాదా తప్పు చెబితే పట్టుకోవడానికి వచ్చేవాడు.

'సారీ' పాఠం రోజున దాదా వీళ్ళిద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టాడు.

"అప్పలసూరీ, ఆయన కాలు తొక్కు."

"నాను తొక్కలేను మాస్టారూ. ఆయన నాకన్నా పెద్దోడు."

"తప్పు చెయ్యకుండా సారీ చెబితే అది అబద్ధం. అబద్ధం నేను నేర్పను. తొక్కు."

అప్పలసూరి తొక్కాడు. అతని కాళ్ళకి ప్రాజెక్టువాళ్ళిచ్చిన ఇనప ముక్కు బూట్లు. జగ్గారావు కాళ్ళకి హవాయి చెప్పులు.

"సారీ," అన్నాడు అప్పలసూరి, చక్కగా.

"ఇట్ డజంట్ మేటర్," అన్నాడు జగ్గారావు. అలా అనాలని పాఠం.

ఇలా మూడు రోజులు సాధన జరిగింది. మూడోరోజు జగ్గారావు బల్ల మీద కూర్చుని వేలికి కట్టు కట్టుకుంటూ, "ఇట్ మేటర్స్ మాస్టారూ. నాకు చాలా మేటర్స్," అన్నాడు.

"కోపమొచ్చినాదేటి బావా?" అన్నాడు అప్పలసూరి.

"నువ్వు మాటాడకు. నీ సారీ ఇంకా తగ్గలేదు నాకు."

గ్రామరు కూడా దాదా ఇలాగే నేర్పేవాడు. పాస్ట్ టెన్సుకి అందర్నీ వన్ టౌనులో ఉన్న పాత దొరల సమాధుల దగ్గరికి తీసుకెళ్ళేవాడు. రాళ్ళమీద రాసింది చదివించేవాడు. ఇతను పుట్టెను, ఇతను ఓడ నడిపెను, ఇతను జ్వరముతో పోయెను. "చూశారా, ఒక్కడు కూడా ప్రెజెంట్ టెన్సులో లేడు," అనేవాడు. ప్రెజెంట్ కంటిన్యువస్‌కి జాలరిపేట ఒడ్డు. అక్కడ అన్నీ జరుగుతూనే ఉంటాయి. వల లాగుతున్నారు, బుట్టలు నింపుతున్నారు, పోట్లాడుకుంటున్నారు. ఎనిమిది మంది మగాళ్ళు నోటుపుస్తకాలు పట్టుకుని ఇసకలో నిలబడి తననే చూస్తూ రాసుకుంటుంటే, చేపలమ్మే గంగాలమ్మ బుట్ట దించి అడిగింది.

"ఏటి సాయిబు బాబూ, నానేటి సేసేను? అందరూ నామీద కంప్లైంటు రాత్తన్నారు?"

"నువ్వు చేసింది కాదు గంగాలమ్మా, చేస్తున్నది రాస్తున్నారు."

"అదింకా పెద్ద తప్పు కదేటి," అంది గంగాలమ్మ.

ఫ్యూచర్ టెన్సుకి హార్బరు. దూరంగా ఒక ఓడని చూపించి 'ది షిప్ విల్ సెయిల్' అని రాయించాడు. ఓడ కదిలితేనే గాని ఆ టెన్సు పూర్తి కాదన్నాడు. ఆ ఓడకి ఏదో మరమ్మతు వచ్చి తొమ్మిది రోజులు కదల్లేదు. వేరే ఊళ్ళలో ఒక పూటలో అయిపోయే ఫ్యూచర్ టెన్సు వైజాగులో తొమ్మిది రోజులు పట్టింది. పదోరోజు పొద్దున్నే ఓడ ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. సాయంత్రం విద్యార్థులొచ్చి చూస్తే ఖాళీ నీళ్ళు. "ఇదే ఫ్యూచరంటే," అన్నాడు దాదా, ఏమాత్రం తడుముకోకుండా.

ఇవన్నీ ఒకెత్తు, వెదరు ఒకెత్తు.

ఒకరోజు దాదా క్లాసులో అందరికీ చెప్పాడు. ఇంగ్లీషువాళ్ళు ఎదటి మనిషిని సొంత విషయాలు అడగరు. వయసు, జీతం, పెళ్ళి, పిల్లలు, ఏవీ. వాతావరణం గురించి అడుగుతారు. ఎందుకంటే ఆకాశం ఎవరి సొంతమూ కాదు. ఇకనుంచి ఈ అరుగు మీద వాతావరణం తప్ప ఇంకేమీ అడక్కూడదు. అడిగితే తను ఎర్రగుడ్డ ఎత్తుతాడు. అడిగినవాడు లేచి, బయటికెళ్ళి, చెక్క తట్టి, మళ్ళీ లోపలికొచ్చి వెదరు ఎలా ఉందో అడగాలి.

ఇది మా వైపు మనుషులకి ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. మావాళ్ళు బస్సులో పక్కన కూర్చున్న మనిషి పేరు తెలియకపోయినా, ఆనందపురం జంక్షను దాటేలోగా అతని జీతం, అతని పిల్లల చదువు, అతని బావమరిదితో ఉన్న తగాదా తెలుసుకుంటారు. తెలుసుకోకపోతే పక్కవాడికే చిన్నతనం. అలాంటివాళ్ళని పట్టుకుని మబ్బుల గురించి అడగమంటే నాలుక మడతపడేది. మొదటి వారం అరుగు మీద కూర్చున్నవాళ్ళకన్నా బయట చెక్క తడుతున్నవాళ్ళే ఎక్కువ. అప్పలసూరి ఒక్కరోజులో పదకొండుసార్లు బయటికెళ్ళాడు.

పైగా వన్ టౌను వాతావరణంలో చెప్పుకోవడానికేముంది? ఎండ, ఉక్క, పోర్టులో ఇనప రాయి గుట్టల మీంచి లేచొచ్చే ఎర్రదుమ్ము. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

"హౌ ఈజ్ ది వెదర్?"

"డస్టీ సర్."

లోపల్నుంచి దాదీ, "ఆ దుమ్మంతా నా దుప్పట్ల మీదే ఉంది, వచ్చి ఇంగ్లీషులో దులపండి," అనేది.

ఈ పాఠంలో ఫస్టు వచ్చింది గంగాలమ్మ. చేపల బుట్టతో రోజూ సాయంత్రం ఆ వీధికి వచ్చేది. వెదరు ఆమెకి ఆచారం కాదు, బతుకు. అడగడమే ఆలస్యం, గాలి ఏ మూలనుంచి వీస్తోందో, నీటి రంగు ఎలా మారిందో, రేపు పడవలు ఎంత దూరం వెళ్తాయో చెప్పి, ఏ చేప దొరుకుతుందో కూడా చెప్పేది. దాదా అంతా శ్రద్ధగా వినేవాడు. కానీ చివర్న ఆమె ఒకటి తప్పకుండా అడిగేది.

"అన్నట్టు సాయిబు బాబూ, అమ్మాయిని అత్తోరు తీసికెల్లీలేదేటి ఇంకా?"

ఎర్రగుడ్డ లేచేది. గంగాలమ్మ బుట్ట నెత్తికెత్తుకుని, పరదా బయటికెళ్ళి, ఠకఠకా తట్టి, మళ్ళీ బుట్ట దించి, "ఎదరెలాగుంది?" అనేది. ఇంత తతంగం అయ్యేసరికి అసలు ప్రశ్న మీద ఉబలాటం చల్లారిపోయేది.

ఆ అమ్మాయి మా మేనత్త చాంద్ సుల్తానా. పెళ్ళై బరంపురం వెళ్ళిన మనిషి. ఒక వర్షాకాలంలో ట్రంకుపెట్టెతో రిక్షా దిగింది. ఎందుకు వచ్చిందో ఇంట్లో ఒక్కసారే చెప్పింది. వీధిలోవాళ్ళు మాత్రం రోజుకోసారి అడిగారు. నీళ్ళ కుళాయి దగ్గర అడిగారు, కురుపాం మార్కెట్లో అడిగారు, ఎవరింట్లోనో బారసాలకి వెళ్తే పాలూ పంచదారా చేతిలో పెట్టి మరీ అడిగారు. జాలిపడే అడిగారు, అందుకే తిట్టడానికి కూడా వీల్లేకపోయింది. ఆమె కుళాయికి వెళ్ళడం మానేసింది, తరవాత మార్కెట్టు, తరవాత గడప.

గడప లోపల కూర్చుంటే అరుగు మీది పాఠాలు వినిపించేవి. వెనక గదిలో జెండాలకి అంచు కుడుతూ విన్నది. ఆమెకి తండ్రి పిచ్చి చిన్నప్పట్నుంచీ తెలుసు కాబట్టి మొదట నవ్వొచ్చింది. తరవాత గుమ్మం దాకా వచ్చి నిలబడి విన్నది. టీ గ్లాసులు అందించడానికి అరుగు మీదికొచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. "హౌ ఈజ్ ది వెదర్ మేడమ్," అన్నాడు అప్పలసూరి, గోడకేసి చూస్తూ. "డస్టీ," అంది. ఎనిమిది నెలల్లో ఆమె బయటివాళ్ళతో మాట్లాడిన మొదటి మాట అదే.

మర్నాడు రెండు నిమిషాలు నిలబడింది. ఆపై వారం మిషను పక్కన పీట వేసుకుంది. ఏడాది తిరిగేసరికి దాదా కుడుతుంటే సగం పాఠం ఆమే చెప్పేది. జగ్గారావు గ్రామరులో తప్పు పట్టుకుంటే ఆమె ఆ తప్పులో తప్పు పట్టుకునేది.

అలా ఉండగా ఒక సోమవారం దాదా జెండాలు ఇచ్చొచ్చిన షిప్పింగు ఆఫీసునుంచి ఒక దరఖాస్తు ఫారం పట్టుకొచ్చాడు. అక్కడ టెలిఫోను బోర్డు దగ్గర కూర్చోడానికి ఇంగ్లీషు వచ్చిన మనిషి కావాలట. ఫారం మడతలు సాపుచేసి కూతురి ముందు పెట్టాడు.

"నేను వెళ్ళను అబ్బాజాన్," అంది చాంద్ సుల్తానా.

"ఇంగ్లీషు రాదా?"

"వచ్చు. కానీ వాళ్ళూ అడుగుతారు. ఎక్కడికెళ్ళినా అదే అడుగుతారు. అక్కడ ముగ్గురు మగాళ్ళు బల్లకవతల కూర్చుని అడిగితే నాకు నోట మాట రాదు. ఏడ్చేస్తాను."

"అడగరు బేటీ. అది షిప్పింగు ఆఫీసు. అంతా దొరల పద్ధతి. సొంత విషయాలు అడగడం వాళ్ళ ఆచారంలోనే లేదు. నేనిరవై ఏళ్ళు చూశాను కదా. మాటిస్తున్నాను, అడగరు."

ఆమె ఫారం దగ్గరికి లాక్కుని, సంతకం పెట్టింది. తండ్రి మాట మీద పెట్టింది. వచ్చే గురువారం ఇంటర్వ్యూకి రమ్మని కార్డు వచ్చింది.

ఇంటర్వ్యూ రెండ్రోజులుందనగా, మంగళవారం సాయంత్రం, జగ్గారావు పరదా బయట చెక్కని తట్టకుండా బాదాడు.

"మాస్టారూ, మీ రూలు తప్పు," అన్నాడు లోపలికొస్తూనే. అతని మొహం పరీక్ష పాసైనవాడిలా ఉంది.

"ఏ రూలు?" అన్నాడు దాదా.

"వెదరు రూలు. ఇవాళ కాగితాలు పట్టుకుని ఓ విదేశీ ఓడ ఎక్కేను. కెప్టెను గారి భార్య టీ ఇచ్చింది. అచ్చమైన ఇంగ్లీషు దొరసాని. గంటసేపు కూర్చోబెట్టింది. నా వయసడిగింది. జీతమడిగింది. ఎంతమంది పిల్లలని అడిగింది. ఇద్దరే ఎందుకని అడిగింది. తన కోడలు తనని సరిగ్గా చూడదని చెప్పి కళ్ళు తుడుచుకుంది. మా గంగాలమ్మ నయం. వెదరు మాట ఒక్కసారి రాలేదు మాస్టారూ."

దాదా సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు కళ్ళు చిన్నవి చేశాడు.

"ఆవిడ స్కాట్లండు మనిషి అయ్యుంటుంది. అది వేరే దేశం," అన్నాడు.

"లండను. నేనడిగేను."

"లండను పెద్ద ఊరు జగ్గారావు గారూ. అన్నిరకాల మనుషులూ ఉంటారు."

"పోర్టులో మా పెద్ద గుమాస్తాని కూడా అడిగేను. ముప్పయ్యేళ్ళ సర్వీసు. ఇలాటి ఆచారం ఎక్కడా వినలేదన్నారు. అంచేత రూలు లేదు. ఇకమీదట ఎవరం ఏదైనా అడుక్కోవచ్చు," అని జగ్గారావు టీ గ్లాసులతో నిలబడ్డ చాంద్ సుల్తానా వైపు తిరిగాడు. అతని మనసులో చెడు లేదు. రెండేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్న ప్రశ్న, దారి దొరికి బయటికొచ్చేసింది. "ఏమ్మా, మీవారు బరంపురంలోనే ఉన్నారా? ఇంకా ఎందుకు తీసుకెళ్ళలేదు?"

దాదా చెయ్యి ఎర్రగుడ్డ మీదికెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగిపోయింది. అబద్ధం నేర్పనని అందరి ముందూ అన్న మనిషి. ఇప్పుడా గుడ్డ ఎత్తితే అది అబద్ధం, ఎత్తకపోతే కూతురు.

చాంద్ సుల్తానా చేతిలో పళ్ళెంతోనే ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమెకి జగ్గారావు ప్రశ్న కన్నా తండ్రి మొహమే ఎక్కువ అర్థమవుతోంది. అడగరని ఆయనిచ్చిన మాట వట్టిదే. గురువారం అడుగుతారు. ఇంకో రెండడుగులు వేస్తే గుమ్మం, గుమ్మం దాటితే వెనక గది. ఇక ఆ కార్డు పొయ్యిలోకే.

అప్పుడు అప్పలసూరి లేచాడు. ఇనప ముక్కు బూట్లు టకటకమనిపిస్తూ వెళ్ళి, దాదా చేతికిందనుంచి ఎర్రగుడ్డ లాగి, జగ్గారావు ముక్కుకి ఎదురుగా ఎత్తిపట్టాడు.

"బైటికెల్లు బావా."

"నీకేటైనా పిచ్చా? రూలు లేదని సెప్పేను కదా."

"ఆ సంగతి నీకు ఇయ్యాల తెలిసినాది. నాకు మొదట్నించీ తెలుసు."

"ఏటి తెలుసు?"

"ఈ కలాసుకి అందరికన్నా ముందొచ్చినోన్ని నాను. నానొచ్చిన మొదటిరోజు మాస్టారు నన్ను ఏటేటి అడిగేరో ఎరికేటి నీకు? ఏ వూరు, ఎన్నెకరాలు, జీతమెంత, పెల్లయ్యిందా, అవ్వకపోతే ఎందుకవ్వలేదు. మాయమ్మకి మోకాల్నొప్పని కూడా నా నోట్నుంచి లాగీసేరు. అప్పుడు ఎదరూ లేదు, ఎర్రగుడ్డా లేదు."

"మరెప్పుడొచ్చినాది?"

"సుల్తానమ్మ పెట్టెతో రిచ్చా దిగిన మర్నాడొచ్చినాది," అన్నాడు అప్పలసూరి. "నాకు ఇంగిలీసు బుర్రకెక్కదు గానీ బావా, తారీకులు ఎక్కుతాయి. ఆ రూలు దొరలది కాదు. మాస్టారిది. ఎల్లు."

దాదా తల ఎత్తలేదు. మిషను చక్రం తిప్పుతున్నాడు. మిషనులో గుడ్డ లేదు.

జగ్గారావు ఒకసారి దాదా వైపూ, ఒకసారి ఆమె వైపూ చూశాడు. అతని మొహంలో పరీక్ష పాసైన కళ పోయింది. చెప్పులేసుకుని బయటికెళ్ళాడు. వెళ్ళిపోయాడనే అనుకున్నారు. చెక్క మీద మెల్లగా మూడు దెబ్బలు వినిపించాయి.

మళ్ళీ మూడు దెబ్బలు.

"కమిన్," అంది చాంద్ సుల్తానా.

జగ్గారావు పరదా ఎత్తి, తల వంచుకుని లోపలికొచ్చాడు. "హౌ ఈజ్ ది వెదర్ మేడమ్?" అన్నాడు.

ఆమె పళ్ళెం కింద పెట్టింది. ఈ రెండేళ్ళుగా తండ్రి అరుగు మీద ఆడిన నాటకమంతా, చెక్కా, గుడ్డా, గంగాలమ్మ బుట్ట ఎత్తుకుని దించుకోవడంతో సహా, ఒక్కసారి కళ్ళముందు తిరిగినట్టుంది. నవ్వొచ్చింది. నవ్వుతూనే జవాబు చెప్పింది.

"డస్టీ," అంది. ఆగి, మళ్ళీ తనంతట తనే ఇంగ్లీషులో అంది. "మై హస్బెండ్ సెంట్ మి బ్యాక్. హీ డిడ్ నాట్ గివ్ ఎ రీజన్. ఐ స్టాప్డ్ వెయిటింగ్."

"ఏటంతన్నాది బావా?" అని గుసగుసగా అడిగాడు అప్పలసూరి, గుడ్డ ఇంకా ఎత్తే పట్టుకుని.

"మొగుడు పంపించీసేడట. కారణం సెప్పలేదట. తనూ ఇంక ఎదురు సూడ్డం మానీసిందట," అన్నాడు జగ్గారావు, అంతకన్నా గుసగుసగా.

అందరూ దాదా వైపు చూశారు. ఆయన చక్రం ఆపాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.

"మూడు సెంటెన్సులు. మూడూ పాస్ట్ టెన్సు. ఒక్క తప్పు లేదు," అన్నాడు. ఆ రోజుకి క్లాసు అంతే.

గురువారం వాళ్ళు అడిగారు. దాదా ఇచ్చిన మాట రెండో ప్రశ్నకే పోయింది. కానీ ఆ మూడు వాక్యాలూ ఒకసారి ఎనిమిది మంది ముందు బయటపడ్డవే కాబట్టి, ముగ్గురి ముందు వాటికి సిగ్గు వెయ్యలేదు. చాంద్ సుల్తానా ఎక్కడా ఆగకుండా చెప్పింది. బల్లకవతల ఒకాయన గొంతు సవరించుకుని, ఫోనులో అవతలివాళ్ళకి పేరు అర్థం కాకపోతే ఏం చేస్తావని అడిగాడు. ఓడల జెండాలకి అక్షరానికొక పేరుంటుంది కదా, పదేళ్ళ వయసునుంచి వాటికి అంచులు కుట్టిన మనిషి. ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ, అడిగినాయన పేరునే అక్షరం అక్షరంగా అప్పజెప్పింది. ఆయన పేరు చాలా పొడుగు. సగంలోనే చాలన్నారు. సోమవారం నుంచి డ్యూటీకి రమ్మన్నారు.

సోమవారం పొద్దున్న ఇల్లంతా హడావుడి. చాంద్ సుల్తానాకి ఎనిమిదింటికల్లా ఆఫీసులో ఉండాలి. దాదా అరుగు మీద కూర్చుని, రోజూలాగే, "టీ," అన్నాడు.

లోపల్నుంచి దాదీ వచ్చింది. చేతిలో కూతురి జడకి కట్టాల్సిన రిబ్బను.

"ఇంగ్లీషువాళ్ళ ఇళ్ళల్లో పొద్దుటి టీ మగాళ్ళే పెడతారట. ఆచారమట," అంది.

దాదా కళ్ళజోడు మీంచి చూశాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరో ఎందుకు చెప్పాలి? నేనే చెబుతున్నాను. ఈ ఇంట్లో ఆచారం పెట్టాలంటే దర్జీ అయితే చాలు కదా. దర్జీ పెళ్ళామైనా చాలు."

దాదా లేచి, లుంగీ ఎగ్గట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. కిరసనాయిలు స్టవ్వుకి పంపు ఎన్నిసార్లు కొట్టాలో తెలియక ముప్పైసార్లు కొట్టాడు. లేచిన మంటకి కనుబొమ్మలు కొంచెం పొట్టివయ్యాయి. కానీ టీ అయింది. మొదటి గ్లాసు కూతురికిచ్చాడు, రెండోది పెళ్ళానికి.

ఈ ఆచారం సంగతి విని అప్పలసూరి పద్మనాభంలో తన ఇంట్లోనూ మొదలెట్టబోయాడట. కొత్తగా పెళ్ళయింది అప్పుడే. కోడలి చేతికి కొడుకు టీ గ్లాసు అందివ్వడం చూసి వాళ్ళమ్మ, "ఏట్రా ఇది?" అందట. "ఇంగిలీసోల్ల ఆచారమే," అన్నాడట. "నిజమేటి?" అని అతని భార్య జోగమ్మ అడిగితే, "నాకు ఇంగిలీసు సరిగ్గా రాదు," అని ఊరుకున్నాడట.

దాదా మాత్రం ఆ రోజునుంచి పొద్దుటి టీ ఒక్కరోజు మానలేదు. పంచదార మరీ ఎక్కువేసేవాడు. మా దాదీ ఒక్క గుటక తాగి మొహం చిట్లించి, ఆ గ్లాసుని వీధిగుమ్మంలో కూర్చుని, వచ్చేపోయే ఆడవాళ్ళందరికీ కనబడేలా, అరగంట సేపు తాగేది.